పార్టు మార్చే ముందు ఫైలు చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ కార్ల పని చేసేవాళ్లందరికీ ఈ కథ తెలిసే ఉంటుంది. హైవే మీద ఓవర్‌టేక్ చేస్తుండగా బండి ఉన్నట్టుండి చచ్చుబడిపోతుంది. ఇంజిన్ లైటు వెలుగుతుంది. పక్కకి ఆపి, ఇగ్నిషన్ ఆపి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టు నడుస్తుంది. ఓనరు ముందు డీజిల్ ఫిల్టర్ మార్పిస్తాడు. తర్వాత రైల్ ప్రెషర్ సెన్సర్. తర్వాత ఇంజెక్టర్లు విప్పించి పంపు షాపుకి పంపుతాడు. చివరికి హై ప్రెషర్ పంపు దాకా వస్తుంది. బిల్లు మీద బిల్లు పడుతుంది కానీ బండి మాత్రం అదే స్పీడులో అలాగే పడిపోతుంది. ఇలా నా షెడ్డుకి వచ్చే బండ్లలో చాలా వాటికి పార్టుల్లో అసలు లోపం ఉండదు. లోపం ఈసీయూలో, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో, ఎవరో రాసిపెట్టిన ఫైలులో ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. కామన్ రైల్ డీజిల్ బండి, అంటే అన్ని ఇంజెక్టర్లకీ కలిపి ఒకే గొట్టంలో (రైల్) ఒత్తిడితో డీజిల్ నిలవ ఉంచే బండి, ఏది వచ్చినా, స్పానర్ పట్టుకునే ముందు అందులో ఉన్నది కంపెనీ ఫైలా, ట్యూనింగ్ చేసిన, అంటే పవర్ పెంచడానికి మార్చిన ఫైలా అన్నది తేల్చాలి. అది తేలకుండా చేసే ప్రతి పరీక్షా అనుమానమే. స్కానర్ చూపించే అంకెని కూడా నమ్మడానికి లేదు, ఎందుకంటే స్కానర్ చెప్పేది ఈసీయూ నమ్ముతున్నది మాత్రమే. ఈసీయూకే అబద్ధం నేర్పితే స్కానర్ ఆ అబద్ధాన్నే చదువుతుంది.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో మన ఊళ్లో పెద్ద మెకానిక్‌లకి తెలుసు. పాత లారీలకి పంపు పెంచడం అని ఉండేది. ఇన్‌లైన్ పంపు మీద ఫుల్ లోడ్ స్క్రూకి వేసిన సీలు తెంపి కాస్త తిప్పితే డీజిల్ ఎక్కువ పడేది. లారీ లోడుతో బాగా లాగేది, వెనక నల్లగా పొగ వదిలేది. ఆ పొగనే పికప్‌కి గుర్తుగా చూసేవాళ్లు. ఇప్పుడు స్క్రూ పోయి లాప్‌టాప్ వచ్చింది, ఆలోచన మాత్రం మారలేదు. పైగా పంపు పెంచిన బండిని తెగిన సీలు పట్టించేది. ఫైలు మారిస్తే బయటికి ఏ గుర్తూ ఉండదు.

డీజిల్ ఇంజిన్ పని తీరు ఒకసారి గుర్తు చేసుకుందాం, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. పెట్రోలు ఇంజిన్‌లో యాక్సిలరేటర్ గాలి ఎంత రావాలో నిర్ణయిస్తుంది. డీజిల్‌లో గాలికి అలా అడ్డు పెట్టరు, డీజిల్ ఎంత చల్లితే అంత శక్తి. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. కానీ సిలిండర్‌లో డీజిల్ తుంపర్లు గాలితో కలవడానికి దొరికే సమయం చాలా తక్కువ. అందుకని ఆ లెక్క కంటే బాగా ఎక్కువ గాలి, సుమారు 18 కిలోల దాకా ఉంటేనే పొగ లేకుండా కాలుతుంది. కంపెనీ ఇంజినీర్లు ఇక్కడ ఒక గీత గీస్తారు. లోపలికి వచ్చిన గాలిని మాఫ్ సెన్సర్ కొలుస్తుంది, ఈసీయూ ఆ గాలికి సరిపడా డీజిల్‌నే వదులుతుంది. దీన్నే స్మోక్ లిమిటర్ అంటారు. చవక ట్యూనింగ్‌లో ముందు ఎగిరిపోయేది ఇదే.

కామన్ రైల్ కార్లలోకి వచ్చింది 1997లో, ఆల్ఫా రోమియో 156తో. అప్పట్లో రైల్‌లో ఒత్తిడి 1350 బార్. తర్వాత తరాల్లో 1600, 1800, ఇప్పుడు 2000 దాటింది. మన కారు టైరులో ఉండేది రెండు బార్ పైచిలుకు మాత్రమే. అంత ఒత్తిడి మీద ఇంజెక్టర్ ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అన్నది మిల్లీసెకనులో వందో వంతు లెక్కల్లో నడుస్తుంది. 4000 ఆర్‌పీఎం దగ్గర ఒక్క మిల్లీసెకనులో క్రాంక్ 24 డిగ్రీలు తిరిగిపోతుంది. అంటే ఇంజెక్టర్‌ని 0.3 మిల్లీసెకను ఎక్కువసేపు తెరిచి ఉంచితే, పిస్టన్ మరో ఏడు డిగ్రీలు కిందకి దిగేదాకా డీజిల్ పడుతూనే ఉంటుంది. అలా ఆలస్యంగా పడిన డీజిల్ పిస్టన్‌ని నెట్టడం తక్కువ. అది కాలుతూనే ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి టర్బోని కాలుస్తుంది. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, లోపలి మంట అంతకంటే చాలా వేడి. కింద నుంచి ఆయిల్ జెట్ కొడుతూ ఉండబట్టీ, మంట కొద్దిసేపే ఉండబట్టీ పిస్టన్ బతుకుతోంది. ఆ కొద్దిసేపుని పెంచేవాడికి తను ఏం చేస్తున్నాడో తెలియాలి.

ఈసీయూ లోపల ఒక వరస ఉంటుంది. మనం యాక్సిలరేటర్ తొక్కితే డ్రైవర్ ఎంత టార్క్ అడుగుతున్నాడు అన్న లెక్క మొదలవుతుంది. గేర్‌బాక్స్, క్లచ్, ఇంజిన్ తట్టుకునే టార్క్ పరిమితులు దాన్ని కోస్తాయి. మిగిలినది ఒక్కో స్ట్రోక్‌కి ఎన్ని మిల్లీగ్రాముల డీజిల్ అన్న లెక్కగా మారుతుంది. దాన్ని స్మోక్ లిమిటర్ ఇంకోసారి కోస్తుంది. ఆ తర్వాతే రైల్ ఒత్తిడి, ఇంజెక్షన్ మొదలయ్యే క్షణం, తెరిచి ఉంచే సమయం, టర్బో బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) తేలతాయి. పని తెలిసిన ట్యూనర్ ఈ వరస మొత్తం ఒకదానితో ఒకటి సరిపోయేలా మారుస్తాడు. గాలి పెంచకుండా డీజిల్ పెంచడు. పని తెలియనివాడు, లేదా ఒకే ఫైలుని పది రకాల బండ్లకి అమ్మేవాడు, వరసని వదిలేసి చివర్లో ఉన్న సమయం పట్టికని పెంచేస్తాడు. ఈసీయూ 50 మిల్లీగ్రాములు వేశాననుకుంటుంది, సిలిండర్‌లో 60 పడుతుంది.

దీని వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. ట్యూనింగ్ పేరుతో జరిగే మోసంలో ఎక్కువ భాగం దీని మీదే నిలబడింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. డ్యాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీ డీజిల్‌ని కొలిచి చెప్పేది కాదు. తను ఎంత వేశాననుకుంటోందో ఆ లెక్కని ఈసీయూ కూడి చెబుతుంది. అది 50 అనుకుని 60 వేస్తుంటే డిస్‌ప్లేలో మైలేజీ తగ్గదు. పైగా అదే పని తక్కువ డీజిల్‌తో అవుతోందని దాని నమ్మకం, కాబట్టి పెరిగినట్టు కూడా చూపిస్తుంది. కస్టమర్ సంబరపడిపోతాడు. 'పికప్ పెరిగింది, మైలేజీ కూడా పెరిగిందండీ, కావాలంటే మీరే చూడండి' అని డిస్‌ప్లే చూపిస్తాడు. నేను ఎవరితోనూ వాదించను. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ మొదటిసారి కట్ అయ్యేదాకా ట్యాంకు నింపించుకుని, ఓ మూడు నాలుగొందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అక్కడే అలాగే నింపించమంటాను. డిస్‌ప్లే 22 అంటుంటే బంకు లెక్క 17 వచ్చిందనుకోండి, ఆ ఫైలులో ఎవరో చెయ్యి పెట్టారని గట్టిగా అనుమానించవచ్చు. కంపెనీ బండ్లలో కూడా కొంచెం తేడా ఉంటుంది, అంత ఉండదు. పైసా ఖర్చు లేని ఈ పరీక్షని ఓనరే చేసుకోవచ్చు.

ట్యూనింగ్ బాక్సులు ఇంకో రకం. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఎవరికి వారే తగిలించుకుంటారు. చవక బాక్సుల్లో చాలావరకు రైల్ ప్రెషర్ సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య కూర్చుంటాయి. ఒత్తిడి నిజంగా 1600 ఉంటే 1450 ఉందని ఈసీయూకి చెబుతాయి. ఈసీయూ పాపం తక్కువ ఉందనుకుని పంపుని ఇంకా తొక్కుతుంది. ఇక్కడ స్కానర్ పెట్టి చూస్తే అడిగిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి చక్కగా సరిపోతాయి. మెకానిక్ ఇంధనం వైపు అంతా బాగుందని రాసేస్తాడు. సెన్సర్ వైరింగ్ వెంట వేలు పెట్టుకుని వెళ్లి చూస్తే బయటపడే సంగతి ఇది. బాక్సు బ్యాటరీ వెనకో, ఎయిర్ ఫిల్టర్ కిందో టేపు చుట్టి దాగి ఉంటుంది. సెన్సర్ దగ్గరే మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ చూసి, స్కానర్ చూపించే వోల్టేజీతో పోల్చినా తెలిసిపోతుంది.

ఇప్పుడు లింప్ మోడ్ సంగతి, అంటే లోపం కనిపించగానే ఈసీయూ పవర్ తగ్గించేయడం. గుంటూరు నుంచి ఒక మిర్చి వ్యాపారి తన ఎస్‌యూవీ తీసుకొచ్చారు. యార్డు సీజన్‌లో రోజూ గుంటూరుకీ విజయవాడకీ మధ్య తిరిగే మనిషి. కాజా టోల్ దాటాక రోడ్డు ఖాళీగా కనిపించి తొక్కితే బండి పడిపోతోందని ఆయన బాధ. కోడ్ పీ0087, అంటే రైల్ ఒత్తిడి చాలట్లేదని. అప్పటికే ఫిల్టరూ, సెన్సరూ, ఇంజెక్టర్లూ అయిపోయాయి. పంపు మార్చమని ఎక్కడో చెబితే, ఆ ఖర్చుకి భయపడి ఇంకో మాట విందామని వచ్చారు.

'ట్యూనింగ్ ఏమైనా చేయించారా అండీ?' అని అడిగాను. 'లేదు బాబూ' అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, అమ్మినవాళ్లు ఆ ముక్క చెప్పలేదు.

నేను చూసింది రెండు గీతలు. ఈసీయూ ఎంత ఒత్తిడి అడుగుతోంది, ఎంత వస్తోంది. ఊళ్లో మామూలుగా నడిపినంతసేపూ రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఫుల్ యాక్సిలరేటర్‌లో మూడువేల ఆర్‌పీఎం దాటాక విడిపోయాయి. చాలామంది ఇక్కడే ఆగి, 'చూశారా, పంపు అందించలేకపోతోంది' అంటారు. అసలు చూడాల్సింది అడిగిన గీతని. ఆ సిస్టంకి కంపెనీ పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 1600 బార్. ఫైలు 1800 అడుగుతోంది. పైగా ఇంజెక్టర్లు ఎక్కువసేపు తెరిచి ఉంటున్నాయి, అంటే రైల్ నుంచి డీజిల్ ఎక్కువ బయటికి పోతోంది. పంపు కొత్తది వేసినా ఆ పని దానివల్ల కాదు. వచ్చిన ఒత్తిడి 1600 దగ్గరే నిలబడింది, అంటే పంపు తనకి చెప్పిన పని చేస్తూనే ఉంది. కంపెనీ ఫైలు వేయించాక ఆ కోడ్ మళ్లీ రాలేదు.

మెకానిక్ తమ్ముళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి. అడిగింది మామూలుగా ఉండి వచ్చింది తక్కువైతే తప్పు పార్టుల్లో వెతకండి. ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, సక్షన్ వైపు గాలి లాగుతుండొచ్చు, ఇంజెక్టర్ల రిటర్న్ (వాటి నుంచి వెనక్కి పోయే డీజిల్) ఎక్కువ ఉండొచ్చు, పంపు అరిగి ఉండొచ్చు. అడిగిందే కంపెనీ కంటే ఎక్కువైతే పార్టు ముట్టుకోకండి. టర్బోకి కూడా ఇదే మాట వర్తిస్తుంది. పీ0299 వచ్చిందంటే బూస్ట్ తక్కువైందని, పీ0234 అంటే ఎక్కువైందని. రెండు సందర్భాల్లోనూ టర్బో పోయిందని తేల్చే ముందు బూస్ట్ ఎంత అడిగారో చూడాలి. హోస్ పగిలితే కూడా బూస్ట్ తక్కువే వస్తుంది కాబట్టి ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపుల లీకు ముందు చూసుకోవడం మంచిది. అది పది నిమిషాల పని.

అయితే అడిగిన విలువ ఎక్కువో కాదో తెలియాలంటే కంపెనీ విలువ ఎంతో తెలిసి ఉండాలి. మన షెడ్లలో లోటు అక్కడే ఉంది. బాగున్న బండి వచ్చినప్పుడు దాని లాగ్ (నడిచేటప్పటి అంకెల రికార్డు) తీసి పెట్టుకునే అలవాటు మనకి లేదు. రోగం వచ్చిన బండినే చూస్తాం.

కోడ్‌లు లేకపోవడం గురించి కూడా చెప్పాలి. పొగ గుప్పుమంటుంది, ఐడిల్‌లో ఇంజిన్ గట్టిగా కొట్టుకుంటుంది, స్కానర్ పెడితే ఒక్క కోడ్ ఉండదు. ఎందుకంటే ఈజీఆర్ (కొంత ఎగ్జాస్ట్ గ్యాస్‌ని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) మూసేసినా, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లోపల ఖాళీ చేయించినా ఇంజిన్ లైటు రాకుండా ఉండాలని ఆ కోడ్‌లనే ఫైలులో చంపేస్తారు. కొందరు నాలుగు కోడ్‌లు చంపాల్సిన చోట మొత్తం వరసంతా చంపేస్తారు, తేలిక కదా అని. ఆ బండికి నిజంగా మాఫ్ సెన్సర్ పోయినా లైటు రాదు. దీన్ని పట్టుకోవడం సులువు. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆపి, మాఫ్ సెన్సర్ సాకెట్ పీకి, స్టార్ట్ చేసి చూడండి. కోడ్ రావాలి. ఈజీఆర్ సాకెట్ పీకినా రావాలి. డీపీఎఫ్ ఉన్న బండి అయితే డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సర్ పీకినా రావాలి. రాలేదంటే ఎవరో చంపారు. అలాంటి బండి మీద 'స్కాన్ రిపోర్టు క్లియర్' అన్న కాగితానికి విలువ లేదు. సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి కొనేవాళ్లు ఆ కాగితాన్ని చూసి డబ్బులు ఇవ్వకండి, దయచేసి.

ఈసీయూలో కాలిబ్రేషన్ ఐడీ, దాని పక్కనే సీవీఎన్ అనే తనిఖీ సంఖ్య ఉంటాయి, మామూలు ఓబీడీ స్కానర్లే (బండిలోని ఓబీడీ సాకెట్‌కి తగిలించేవి) చాలా బండ్లలో వాటిని చదువుతాయి. కాలిబ్రేషన్‌లో ఒక్క అంకె మారినా సీవీఎన్ మారాలి. అదే ఐడీ ఉన్న మంచి బండి సీవీఎన్‌తో ఇది కలవకపోతే ఫైలు మారినట్టే. కలిసినంత మాత్రాన మారలేదని మాత్రం పూర్తిగా నమ్మలేం, ఎందుకంటే పాత సంఖ్యనే చూపించేలా చేసేవాళ్లు కూడా ఉన్నారు.

మన ఎండల సంగతి ట్యూనింగ్ అమ్మేవాళ్లు ఎవరూ మాట్లాడరు. చలికాలంలో ట్యూనింగ్ చేయించుకున్న బండి బాగానే ఉంటుంది. రోహిణీ కార్తెలో విజయవాడలో 45 డిగ్రీలు కొట్టేసరికి నల్లపొగ మొదలవుతుంది. 'డీజిల్‌లో కల్తీ ఉందేమో' అంటూ ఓనరు బంకు మారుస్తాడు. బంకుది తప్పు కాదు. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 20 డిగ్రీల దగ్గర ఉన్న గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలిలో, అదే ఒత్తిడి దగ్గర, సుమారు 8 శాతం బరువు తక్కువ. తారు రోడ్డు మీది వేడి తగిలితే ఇంటర్‌కూలర్ కూడా చల్లబరచలేదు. కంపెనీ ఫైలు ఉంటే మాఫ్ సెన్సర్ ఆ తగ్గుదల చూసి డీజిల్ తగ్గిస్తుంది, బండి కాస్త నీరసపడుతుంది అంతే. స్మోక్ లిమిటర్ తీసేసిన ఫైలులో ఆ తగ్గింపు ఉండదు. గాలి తగ్గినా డీజిల్ అంతే పడుతుంది. ఆ కాలని డీజిల్ మసై టర్బోలో, ఈజీఆర్‌లో, ఇన్‌టేక్‌లో పేరుకుంటుంది. ఎండాకాలంలోనే టర్బోలు ఎక్కువగా షెడ్లకి రావడానికి ఇది కూడా ఒక కారణమని నా అనుభవం.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఇది ఇంకా ఖరీదైన వ్యవహారం అయింది. డీపీఎఫ్ మసిని పట్టి ఉంచుతుంది, నిండాక 600 డిగ్రీల దగ్గర కాల్చేస్తుంది. ఎంత మసి పేరుకుందో ఈసీయూ కొంత ప్రెషర్ సెన్సర్‌తో, కొంత లెక్కతో ఊహిస్తుంది. తను వేస్తున్న డీజిల్ ఎంతో తనకే తెలియకపోతే ఆ లెక్క తప్పుతుంది. ఫిల్టర్ త్వరగా నిండుతుంది, మాటిమాటికీ కాల్చాల్సి వస్తుంది. చాలా బండ్లలో కాల్చడానికి సిలిండర్‌లోకి చివర్లో అదనంగా డీజిల్ వేస్తారు, అందులో కొంత గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంది. ఆయిల్ తగ్గట్లేదంటే ఇంజిన్ బాగుందని చాలామంది సంతోషిస్తారు. పెరిగితే సంతోషించకండి. వేళ్ల మధ్య రుద్ది వాసన చూడండి. డీజిల్ కలిసిన ఆయిల్ పలచగా ఉంటుంది, బేరింగులకి అది రక్షణ ఇవ్వదు.

కంపెనీ వాళ్లు కావాలని పవర్ తొక్కిపెట్టి ఉంచుతారు, మేం తాళం తీస్తున్నాం అంతే అన్నది ట్యూనర్లు ఎక్కువగా చెప్పే మాట. దీనికి ఉదాహరణగా చూపేది మన రోడ్ల మీద ఎన్నో కార్లలో తిరిగిన ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజిన్‌నే. 1248 సీసీ. స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్, ఎర్టిగాలో 90. 'చూశారా, అదే ఇంజిన్, ఫైలు ఒక్కటే తేడా' అంటారు. అది నిజం కాదు. 90 ఇంజిన్‌లో వేరియబుల్ జామెట్రీ టర్బో ఉంది, 75లో లేదు. ఎక్కువ గాలి తెచ్చే టర్బో పెట్టాకే కంపెనీ ఎక్కువ డీజిల్ వేసింది. కంపెనీ కొంత మార్జిన్ వదులుతుందన్నది మాత్రం నిజమే. నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ, మే నెల ఎండ, ఎప్పుడో మార్చిన ఫిల్టర్, ఇవన్నీ కలిసిన రోజు కోసం వదిలిన మార్జిన్ అది. దాన్ని తినేసి, మిగతా పరిస్థితులేవీ మారనట్టు బండి నడపడం వల్లే హెడ్ గ్యాస్కెట్లు పోతున్నాయి, క్లచ్‌లు జారుతున్నాయి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో చేర్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనరుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. ఆ పరీక్షలో బండి నిలబెట్టి లోడు లేకుండా యాక్సిలరేటర్ తొక్కి పొగ కొలుస్తారు. నలుగురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వచ్చే పొగ అందులో కనపడదు. విజయవాడ, గుంటూరు రెండూ గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాలుగా 2019లో మొదలైన జాతీయ శుద్ధగాలి కార్యక్రమం జాబితాలో ఉన్నాయి. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర డీపీఎఫ్ పీకేసిన బండి వెనక స్కూటర్ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆగిన తల్లిని చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ పిల్లలు పీల్చే గాలితో ఆ ఓనరు కొనుక్కున్నది పది పదిహేను హార్స్‌పవర్.

ఇంత చెప్పాక నా తోటి మెకానిక్‌ల మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. ట్యూనింగ్ చేసిన బండి అని తెలియగానే 'నేను ముట్టను, చేసినవాడి దగ్గరికే పో' అంటాం. సర్వీస్ సెంటర్లు వారంటీ లేదంటాయి. దాని ఫలితం ఏమిటంటే కస్టమర్ నిజం దాస్తాడు. దాచిన నిజం వల్ల మనం పంపు మారుస్తాం, ఇంజెక్టర్ మారుస్తాం, చివరికి మన పనే బాగాలేదన్న పేరు మిగులుతుంది. పార్టు అమ్మిన షాపువాడిది డూప్లికేట్ అన్న పేరు పడుతుంది. అసలు పని చేసినవాడు ఫోను ఎత్తడు. డాక్టరుకి మందుల సంగతి చెప్పినట్టు మెకానిక్‌కి ఫైలు సంగతి చెప్పేలా ఉండాలంటే, చెప్పినందుకు గెంటేయకూడదు. నా షెడ్డులో జాబ్ కార్డు మీద 'ట్యూనింగ్ / బాక్సు / ఈజీఆర్, డీపీఎఫ్ మార్పులు' అని ఒక గడి పెట్టాను. నింపినవాళ్లని తిట్టను. అది పెట్టాక పని ఎంతో తేలికైంది.

ఫైలు మార్చినట్టు తేలిన బండికి మొదటి పని కంపెనీ ఫైలు వెనక్కి వేయడం. ఇది పరీక్షలో భాగమే, వైద్యం ఇంకా మొదలు కాలేదు. ట్యూనర్ దగ్గర అసలు ఫైలు అడగండి. చాలామంది తీసిపెట్టామంటారు కానీ కొన్ని ఈసీయూల్లో ఓబీడీ ద్వారా ఫైలు నిజంగా చదవడం కుదరదు. టూల్ వాళ్ల సర్వర్ నుంచి అదే నంబరు ఫైలు ఒకటి దించి ఇస్తుంది. కాలిబ్రేషన్ నంబరు సరిగ్గా కలిసిందో లేదో చూసుకోవాలి, లేదా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వేయించుకోవాలి. వేసేటప్పుడు బ్యాటరీకి సపోర్టు సప్లై తప్పనిసరి. మధ్యలో వోల్టేజీ పడితే ఈసీయూ చచ్చిపోతుంది, అప్పుడు దాన్ని విప్పి బల్ల మీద పెట్టాల్సిందే. కంపెనీ ఫైలు మీద కూడా రోగం అలాగే ఉంటే ఇప్పుడు పార్టులు చూడాలి. రిటర్న్ టెస్ట్, కంప్రెషన్, బూస్ట్ లీకు. చాలాకాలం ఎక్కువ డీజిల్ మీద నడిచిన బండికి అప్పటికే టర్బో షాఫ్ట్ ఆటా, ఇంజెక్టర్ నాజిల్ అరుగుదలా వచ్చి ఉండొచ్చు, ఫైలు మార్చినంత మాత్రాన అవి బాగుపడవు. కానీ ఇప్పుడు వచ్చే అంకెలని నమ్మవచ్చు.

ట్యూనర్లందరూ మోసగాళ్లని నేను అనను. ముందు కంప్రెషన్ చూసి, క్లచ్ చూసి, డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద ముందూ తర్వాతా లాగ్ తీసి, స్మోక్ లిమిటర్ ఉంచి, ఎగ్జాస్ట్ వేడి కొలిచి, అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, ఏం మార్చారో కాగితం మీద రాసిచ్చే మనుషులు ఉన్నారు. వాళ్లు తక్కువ ధరకి చెయ్యరు, గంటలో చెయ్యరు, కొన్ని బండ్లకి కుదరదని తిప్పి పంపేస్తారు కూడా. వాళ్లు చేసినా రోడ్డు మీద తిప్పే బండికి చట్టం ఒకటే. కానీ కనీసం వాళ్ల బండి నా దగ్గరికి వస్తే నేను చీకట్లో వెతుక్కోను.

ఈ మధ్య నేను మొదలుపెట్టిన పని ఒకటి ఉంది. ఏ మార్పూ లేని బండి మామూలు సర్వీసుకి వచ్చినప్పుడు ఓనరు ఒప్పుకుంటే దాని కాలిబ్రేషన్ ఐడీ, సీవీఎన్, ఐడిల్‌లో ఇంజెక్టర్ కరెక్షన్లు, ఫుల్ లోడ్‌లో అడిగిన, వచ్చిన రైల్ ఒత్తిడీ బూస్టూ రాసి మోడల్ వారీగా పెట్టుకుంటున్నాను. బండి నంబరు, ఓనరు పేరు రాయను. ఒక్క షెడ్డుకి అన్ని మోడళ్లూ రావు. ఆటోనగర్‌లో, గుంటూరులో డీజిల్ పని చేసేవాళ్లు ఎవరి దగ్గరైనా ఇలాంటి లాగ్‌లు ఉంటే నావి ఇచ్చి మీవి తీసుకుంటాను. ముందుగా కావలసినవి పాత 2.5 ఇన్నోవావి, బీఎస్ 4 స్కార్పియోవి. ఫుల్ లోడ్ లాగ్ ట్రాఫిక్‌లో తీయకండి, డైనో మీద తీసింది ఉంటే అదే పంపండి. గాలి ఉష్ణోగ్రత ఎంత ఉందో పక్కన రాయండి, డిసెంబరు అంకెని మే అంకెతో పోలిస్తే మళ్లీ మొదటికే వస్తాం.